ఢిల్లీ మాలా, కంపెనీ మాలా?



విజయవాడ ఆటోనగర్‌లో గానీ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ బళ్ల విడిభాగాలమ్మే కొట్టు ముందు కాసేపు నిలబడండి. వచ్చిన ప్రతి మనిషినీ కౌంటర్ వెనక కుర్రాడు ఒకటే అడుగుతాడు. "ఢిల్లీ మాల్ ఇమ్మంటారా, కంపెనీదా?" వచ్చినాయన రేట్లు అడుగుతాడు. కంపెనీది మూడొందలైతే ఢిల్లీది తొంభై. ఓ క్షణం ఆలోచించి, "ఢిల్లీదే ఇవ్వు తమ్ముడూ, ప్రస్తుతానికి బండి కదిలితే చాలు" అంటాడు. బేరం అయిపోయింది. ఈయన బిల్లు అడగడు, అతను ఇవ్వడు.

ఢిల్లీ మాల్ అన్నంత మాత్రాన అది ఢిల్లీలో తయారైందని కాదు. కశ్మీరీ గేట్ టోకు బజారు మీదుగా వచ్చిందని, అంతే. ఉత్తరాదిలో ఏ సందులోని చిన్న ప్రెస్సులోనో పుట్టి ఉండొచ్చు. చైనాలో కంటైనర్ ఎక్కి ముంద్రాలోనో, నవా షేవాలోనో దిగి ఉండొచ్చు. కొన్నాయనకు ఆ సంగతి తెలియదు. చాలాసార్లు అమ్మినాయనకూ తెలియదు. నేను ఇవాళ మాట్లాడదలచుకున్నది ఈ తెలియకపోవడం గురించే.

రబ్బరు ముక్క ఆర్నెల్లకే చిట్లిపోతే "చైనా సరుకు అంతేనండీ" అనేసి తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. పేరున్న కార్ల కంపెనీలు, మన దేశంలోవీ బయటివీ, చైనా నుంచి విడిభాగాలు తెప్పించుకుంటున్నాయి. అవి ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. అచ్చు పోసే కర్మాగారం మూడు రేట్లకు మూడు రకాల సరుకు చేసి ఇవ్వగలదు. అచ్చు అదే, ఆకారం అదే, లోపలి మిశ్రమం మాత్రం వేరు. "ఎంతలో కావాలి?" అని వాళ్లు అడుగుతారు. "ఎంత తక్కువైతే అంత" అని ఇక్కణ్ణుంచి వెళ్లినాయన చెబుతాడు. సరుకు నాణ్యత తగ్గింది ఆ మాట దగ్గర. ఓడ ఎక్కకముందే తగ్గింది, తగ్గించమన్నది మనవాడే. ఆకాశవాణిలో కంపెనీల పేర్లు చెప్పకూడదు కాబట్టి నేను ఎవరి పేరూ ఎత్తను. నిజానికి ఈ కథలో పేరున్నవాళ్లతో గొడవే లేదు, పేరు లేనివాళ్లతోనే.

ఇనప వస్తువైతే కొంత నయం. వెర్నియర్ పెట్టి కొలవచ్చు, ఆకురాయితో గీసి చూడొచ్చు. రబ్బరు దగ్గర మన కన్నూ, చెయ్యీ రెండూ ఓడిపోతాయి. అసలు రబ్బరంటూ మనం కొనే వస్తువులో చెట్టు నుంచి వచ్చిన రబ్బరు, లేదా దాని బదులు వాడే కృత్రిమ రబ్బరు, సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మారేడుమిల్లి వైపు వెళ్లినవాళ్లు చెట్ల మొదళ్ల మీద ఏటవాలుగా గాట్లు పెట్టి, కింద చిప్పలు కట్టి ఉండటం చూసే ఉంటారు. ఆ పాలను యాసిడ్‌తో విరగ్గొట్టి, రోలర్ల మధ్య పలకలుగా నొక్కి, పొగలో ఆరబెడితే వచ్చేది పచ్చి రబ్బరు. అది ఎండకు జిగురెక్కుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేసి చూసిన తర్వాతే రబ్బరు అన్ని రుతువుల్లోనూ పనికొచ్చే వస్తువైంది.

ఇప్పుడు గంధకం ఒక్కటే సరిపోదు. బలానికి కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి వేస్తారు. జింక్ ఆక్సైడ్ వేస్తారు. మిక్సింగ్ మిల్లులో సులువుగా కలవడానికి కొంత నూనె పోస్తారు. గాలిలోని ఓజోను కొరికేయకుండా కొన్ని రసాయనాలు, కొంచెం మైనం కలుపుతారు. ఆ ముద్దను అచ్చులో పెట్టి, సుమారు 150 డిగ్రీల వేడిలో, ప్రెస్సు కింద కొన్ని నిమిషాలు ఉడకనివ్వాలి. వంద పాళ్ల రబ్బరుకు ఏది ఎన్ని పాళ్లు వేయాలి, ఎన్ని నిమిషాలు ఉడకాలి అన్నదే ఈ వృత్తిలో అసలు విద్య.

చవగ్గా చేయాలంటే ఈ లెక్కనే కదిలిస్తారు. మసి తగ్గించి సుద్దపొడి, బంకమన్ను దట్టిస్తారు. అరిగిపోయిన టైర్లను పొడిచేసి, ఉడకబెట్టి మళ్లీ మెత్తబరిచిన పాత రబ్బరు కలుపుతారు. దాన్ని తగిన పాళ్లలో తగిన చోట వాడితే తప్పేమీ లేదు, కాళ్ల కింద వేసుకునే మ్యాట్లకు అదే చాలు. బ్రేకు భాగానికి వాడితేనే చిక్కు. ఆరు నిమిషాలు ఉడకాల్సిన ముక్కను నాలుగు నిమిషాలకే అచ్చులోంచి లాగేస్తే రోజుకు ఇంకొన్ని వందల ముక్కలు ఎక్కువ దిగుతాయి. అన్నిటికంటే ముందు కోత పడేది ఓజోను నుంచి కాపాడే రసాయనం మీద. అది ఖరీదైనది, పైగా అది లేదన్న సంగతి ఏడాది దాకా ఎవరికీ తెలియదు. పాలు పలచబడితే నాలుక పట్టేస్తుంది. రబ్బరు పలచబడితే పట్టే ఇంద్రియం మనకు లేదు.

పైగా మనకున్న నమ్మకాలు మనల్నే తప్పుదోవ పట్టిస్తాయి. కొట్లో ఒకాయన రెండు ఇంజన్ మౌంటింగులు రెండు చేతుల్లో పట్టుకుని తూచి చూస్తాడు. ఒకటి బరువుగా ఉంది. "ఇది గట్టి సరుకు" అని అదే తీసుకుంటాడు. లోపలి ఇనప పలక రెండింటికీ ఒకే మందమైతే, ఆ అదనపు బరువు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? రబ్బరు నీటికన్నా కాస్త తేలిక. సుద్దపొడి నీటికి రెండున్నర రెట్లకు పైగా బరువు. సుద్ద ఎంత దట్టిస్తే ముక్క అంత బరువెక్కుతుంది, అంత బలహీనమూ అవుతుంది. ఒక అంచు పట్టుకుని లాగితే, సాగిన చోట తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. నల్లటి రంగు కింద దాగిన సుద్ద అక్కడ బయటపడుతుంది. బాగా చేసిన ముక్క సాగినా నల్లగానే ఉంటుంది, వదిలితే టక్కున వెనక్కి వస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు జరిగేది ఇంకోటి ఉంది. కొత్త టైరు మీద, కొత్త హోస్‌పైపు మీద ఒక్కోసారి సన్నని బూడిద పొర కనిపిస్తుంది. "పాత స్టాకు అంటగడుతున్నావా?" అని గొడవ పెట్టుకుంటారు. చాలాసార్లు అది రబ్బరులో కలిపిన మైనం మెల్లగా పైకి వచ్చి, ఓజోనుకు అడ్డంగా పరుచుకున్న పొర. అంటే కలపాల్సింది కలిపారని గుర్తు. నిగనిగ మెరిసే ముక్కను ఏరుకుని కొనేవాళ్లు కొన్నిసార్లు మంచిదాన్ని పక్కన పెట్టి, పైన నూనె పూసినదాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నారు.

ఇక మన వాతావరణం సంగతి. రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది: వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. రబ్బరు ముసలిదవడం కూడా రసాయన చర్యే. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం నల్లటి తారు రోడ్డు మీద ఆగి ఉన్న లారీ టైరునూ, ఇంజన్ పక్కనే ఉడుకుతున్న రేడియేటర్ హోసునూ ఊహించుకోండి. చల్లటి దేశంలో నాలుగేళ్లు నెట్టుకొచ్చే మిశ్రమం ఇక్కడ అందులో సగం కూడా నిలవకపోవచ్చు. మన ఎండకు తగ్గట్టు చేయమని అడిగితే చేసేవాళ్లున్నారు. తొంభై రూపాయల రేటు చెప్పి అడిగితే ఎవరు చేస్తారు?

ఒక్క చిన్న వస్తువును దగ్గరగా చూద్దాం. కార్లలో, వ్యాన్లలో డ్రమ్ము బ్రేకున్న ప్రతి చక్రం దగ్గరా వీల్ సిలిండర్ ఉంటుంది. దాని లోపల బొటనవేలి గోరంత రబ్బరు కప్పులు రెండుంటాయి. మెకానిక్కులు "కిట్టు" అంటారు. మీరు పెడల్ తొక్కితే పైపులో బ్రేక్ ఆయిల్ ఒత్తిడి పెరిగి, ఆ కప్పును తోస్తుంది. కప్పు పిస్టన్‌ను, పిస్టన్ బ్రేక్ షూను తోస్తాయి. ఆ కప్పు అంచు వెంట్రుకంత సన్నగా వంగి, సిలిండర్ గోడకు అతుక్కుని ఉండాలి. తొక్కిన ప్రతిసారీ సాగాలి, వదిలిన ప్రతిసారీ యథాస్థితికి రావాలి. చవక కప్పులో ఈ రెండోది పోతుంది. కొన్నాళ్లకు అంచు బిరుసెక్కి, నొక్కుకుపోయిన ఆకారంలోనే ఉండిపోతుంది. గోడకూ అంచుకూ మధ్య సందు పడుతుంది. ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది. ముందు పెడల్ కాస్త లోతుకు దిగుతుంది. బండాయన ఆయిల్ పోయించుకుని సర్దుకుంటాడు. కారిన ఆయిల్ బ్రేక్ లైనింగ్ మీద పడుతుంది. తర్వాత ఓ రోజు శ్రీశైలం ఘాట్‌లో దోర్నాల వైపు దిగుతున్నప్పుడు వరసగా బ్రేకు తొక్కాల్సి వచ్చిన చోట, ఆ చక్రం మాట వినదు.

ఇందులో రబ్బరు జాతి గొడవ కూడా ఉంది. బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి పెట్రోలు జాతి నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఉండేది అదే. దానికి పనికొచ్చే ఈపీడీఎం రబ్బరు ఇంజన్ ఆయిల్ తగిలితే బూరెలా ఉబ్బిపోతుంది. ఇంజన్ ఆయిల్‌కు నైట్రైల్ రబ్బరు కావాలి, అది బ్రేక్ ద్రవానికి తగదు. రెండూ నల్లగానే ఉంటాయి. పక్కపక్కన పెడితే పాతికేళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ కూడా కంటితో చెప్పలేడు. కాబట్టి అడ్డగోలు ప్రెస్సులో ఏ ముద్ద మిగిలితే ఆ ముద్దతో కప్పు పోస్తే, దాన్ని ఆపే కన్ను కొట్లోనూ లేదు, షెడ్డులోనూ లేదు.

డబ్బు లెక్క కూడా ఓసారి చూద్దాం. ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్షు మార్చాలంటే ఆర్మ్ ఊడదీయాలి, ప్రెస్సు మీద పాతది తోసి కొత్తది ఎక్కించాలి, మళ్లీ బిగించి అలైన్‌మెంట్ చేయించాలి. ఇంజన్ వెనక వైపు ఆయిల్ సీల్ అయితే గేర్‌బాక్సు మొత్తం దింపాలి. సీల్ వందైనా రెండొందలైనా కూలి మాత్రం ఒకటే, పైగా ఓ రోజు బండి షెడ్డులోనే ఉంటుంది. ఆటో నడుపుకునేవాడికి ఆ రోజు కిరాయి పోతుంది, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. ఇంత చెప్పి, చవకది కొన్నందుకు ఆయన్ని తప్పు పట్టను. జేబులో వందే ఉన్నప్పుడు మూడొందల బుష్షు ఎంత మంచిదో వివరించడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. చవకది కొనేవాడికి కూడా తాను కొంటున్నదేమిటో తెలియాలి. తెలిసి నెల రోజుల కోసం కొనుక్కోవడం వేరు, ఐదేళ్లది అనుకుని మోసపోవడం వేరు.

ఇలాంటి వ్యవహారం చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పే ఉదంతం ఒకటి అమెరికాలో జరిగింది. 2006 ఆగస్టులో పెన్సిల్వేనియాలో ఒక వ్యాన్ ప్రమాదంలో ఇద్దరు చనిపోయారు. ఆ వ్యాన్‌కు ఉన్నవి చైనాలో తయారై, న్యూజెర్సీలోని ఓ చిన్న దిగుమతిదారు ద్వారా వచ్చిన టైర్లు. రేడియల్ టైరులో ఉక్కు తీగల పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటి అంచుల దగ్గర సన్నని రబ్బరు పట్టీ ఒకటి వేస్తారు, తీగలు ఒకదాన్నొకటి ఒరుసుకుని టైరు పొరలు పొరలుగా ఊడిపోకుండా. మిల్లీమీటరు మందం కూడా ఉండని ఆ పట్టీ ఈ టైర్లలో కొన్నిటికి సగం మందమే ఉందని, కొన్నిటికి అసలు లేనేలేదని దిగుమతిదారే బయటపెట్టాడు. చైనా కంపెనీ ఆ ఆరోపణను కాదంది.

2007 జూన్‌లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఆ టైర్లను వెనక్కి తీసుకోవాలని దిగుమతిదారును ఆదేశించింది. అప్పటికి చెప్పిన లెక్క సుమారు 4,50,000 టైర్లు. తర్వాత ఆ లెక్క తగ్గింది. "ఇన్ని టైర్లు వెనక్కి తీసుకునే స్తోమత మాకు లేదు, దివాలా తీస్తాం" అని ఆ చిన్న సంస్థ మొత్తుకుంది. అక్కడి చట్టం వినలేదు. తయారు చేసినవాడు సముద్రం అవతల ఉంటే, తెచ్చి అమ్మినవాడే తయారుదారుతో సమానమని ఆ చట్టం అంటుంది. ఆ దిగుమతిదారు మీద నాకు కొంత జాలి ఉంది, సమాచారం వెల్లడించింది అతనే. ఆలస్యంగా వెల్లడించాడన్న విమర్శా ఉంది. ఏదైతేనేం, అడగడానికి ఒక మనిషి ఉన్నాడు, ఒక చిరునామా ఉంది. కశ్మీరీ గేట్ నుంచి తెల్ల ప్లాస్టిక్ కవర్లో వచ్చిన మన కిట్టు ఫెయిలైతే ఎవరిని పిలుస్తాం?

అలాగని మనకు చట్టాలు లేవా అంటే ఉన్నాయి. టైర్లకూ ట్యూబులకూ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2009లో ఉత్తర్వు వచ్చింది. దిగుమతైన టైరుకైనా ఆ గుర్తు ఉండాల్సిందే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 124వది భద్రతకు సంబంధించిన విడిభాగాలకు ప్రమాణాలు నిర్దేశిస్తుంది. ప్యాకెట్ మీద తయారుదారు లేదా దిగుమతిదారు పేరూ చిరునామా, తయారైన దేశం, ధర ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. అన్నిటికంటే పదునైనది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. లోపభూయిష్టమైన వస్తువు వల్ల హాని జరిగినప్పుడు, దాన్ని తయారు చేసినవాడెవడో తెలియకపోతే, అమ్మినవాడే బాధ్యుడవుతాడని అందులో ఉంది. పేరూ ఊరూ లేని కిట్టు అమ్మే కొట్టాయన ఈ సంగతి తెలుసుకుంటే ఆయనకే మంచిది. కాకపోతే ఆ సెక్షన్ ప్రాణం మన చేతిలోని బిల్లులో ఉంది. బిల్లు అడగలేదు కదా!

టైర్ల దిగుమతి మీద ప్రభుత్వం ఇంకొన్ని చర్యలు తీసుకుంది. చైనా నుంచి వచ్చే లారీ, బస్సు రేడియల్ టైర్ల మీద 2017 సెప్టెంబరులో ఐదేళ్లకు యాంటీ డంపింగ్ సుంకం వేసింది. 2020 జూన్‌లో టైర్ల దిగుమతిని లైసెన్సు ఉంటేనే అనుమతించే పద్ధతిలోకి మార్చింది. వీటిని చూసి "నాసిరకం కాబట్టి ఆపేశారు" అనుకునేవాళ్లున్నారు. యాంటీ డంపింగ్ సుంకం నాణ్యత చూసి వేసేది కాదు, ధర చూసి వేసేది. మన టైరు కంపెనీలను కాపాడే పని అది చేసింది. మన ప్రాణాలను కాపాడే పని దానికి అప్పగించలేదు.

పచ్చి రబ్బరు దిగుమతి కథ మళ్లీ వేరు. దీన్నీ దాన్నీ కలిపి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు చిరాకు. వియత్నాం నుంచి, ఇండొనేషియా నుంచి, థాయ్‌లాండ్ నుంచి వచ్చే దిమ్మ రబ్బరు పరీక్షించి, గ్రేడు వేసి వస్తుంది. దాని మీద నాసిరకం అన్న ముద్ర వేయలేం. కేరళ రైతు గోడు అది చవగ్గా రావడం గురించి. 2011లో కిలో 240 రూపాయల దాకా ఎగబాకిన ధర 2016 నాటికి వందకు అటూ ఇటూగా పడిపోయింది. తెల్లవారకముందే లేచి చెట్లు గీసే కూలి ఖర్చు కూడా రావడం లేదని చాలామంది గీత ఆపేశారు. కొట్టాయంలో రబ్బరు బోర్డు ఉంది, 1947 నాటి రబ్బరు చట్టం ఉంది, పచ్చి రబ్బరు మీద 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, ఏది తక్కువైతే అది సుంకం ఉంది. అయినా సందు దొరికింది. రబ్బరులో కొంచెం మసో మరేదో కలిపేసి "కాంపౌండ్ రబ్బరు" అని రాస్తే సుంకం 10 శాతమే. 2023 బడ్జెట్‌లో దాన్నీ పచ్చి రబ్బరు సుంకంతో సమానం చేశారు. రేటు కోసం వెతికేవాడి తెలివి ఎప్పుడూ నిబంధన రాసేవాడికంటే ఓ అడుగు ముందే ఉంటుంది.

"మా రోజుల్లో ఇలా ఉండేది కాదు, అంబాసిడర్ రబ్బర్లు పదేళ్లొచ్చేవి" అనే పెద్దలకు ఓ మాట. పదేళ్లొచ్చినవీ ఉన్నాయి. కానీ లైసెన్సుల కాలంలో అసలు ముక్క దొరక్క, బండి నెల్లాళ్లు షెడ్డులో కూర్చోవడమూ ఉంది, పాత ట్యూబు కోసి వాషర్లు చేసుకోవడమూ ఉంది. నాసిరకం అప్పుడూ ఉంది, మన ఊళ్లోనే తయారయ్యేది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆ కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లకు ఇప్పుడు డోర్ బీడింగులు, అద్దాల చుట్టూ వేసే రబ్బర్లు దొరకడమే గగనం. ఎక్కడో గోడౌన్‌లో ముప్ఫై ఏళ్లుగా పెట్టె విప్పని కంపెనీ సరుకు దొరికిందని సంబరపడతారు. రబ్బరు పెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది. అసలుదే, కానీ దాన్ని బిగించిన మొదటి వానకే నీళ్లు ఒళ్లోకి వస్తాయి.

పరీక్ష చేసేవాడు ఎదురుగా ఉంటే సరుకు ఎలా మారుతుందో చెప్పడానికి మన ఆర్టీసీలు చాలు. దేశంలోని రాష్ట్ర రవాణా సంస్థలన్నిటికీ ఒక సమాఖ్య ఉంది. అది విడిభాగాలకు రేటు ఒప్పందాలు కుదురుస్తుంది. సరఫరా చేయాలనుకునేవాళ్ల ముక్కలను పుణెలోని కేంద్ర రహదారి రవాణా సంస్థ ప్రయోగశాలలో పరీక్షిస్తారు. రబ్బరు ముక్కనైతే ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు, తెగేదాకా లాగుతారు, వేడి పెట్టెలో రోజుల తరబడి ఉంచి మళ్లీ లాగుతారు, నూనెలో నానబెట్టి ఎంత ఉబ్బిందో తూస్తారు. ఇది తెలిసిన సరఫరాదారు తొంభై రూపాయల ముద్ద పంపడు. ఒంటరిగా కౌంటర్ దగ్గర నిలబడ్డ మనకు వేడి పెట్టె లేదు. మెకానిక్కుల సంఘాలకైనా, ఆటో యూనియన్లకైనా ఉండొచ్చు కదా? ఓ వంద మంది కలిస్తే, ఏడాదికి ఒకసారి బజార్లోని నాలుగు రకాల కిట్లు ప్రయోగశాలకు పంపి, వచ్చిన ఫలితాన్ని షెడ్డు గోడకు అంటించొచ్చు. సంఘం వార్షికోత్సవానికి అయ్యే ఖర్చులో ఇది ఎన్నో వంతు కూడా కాదు.

రబ్బరు దాటి ఒక్క మాట. 2012లో ఆస్ట్రేలియాలో చైనా తయారీ కార్లు సుమారు 23,000 వెనక్కి పిలిపించారు. ఇంజన్, ఎగ్జాస్టు గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ దొరికింది. ఆ దేశంలో ఆస్‌బెస్టాస్‌ను 2003 చివర్లోనే నిషేధించారు. లేదని కాగితం వచ్చింది, సరుకులో ఉంది. మన దగ్గర చవక బ్రేక్ షూల నుంచి రాలే పొడిని ఎయిర్ గొట్టంతో ఉఫ్‌మని ఊదేసే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ వార్తే మెదులుతుంది. తడి గుడ్డతో తుడవమని చెప్పండి. బ్రేకుల కంటే ముందు వాడి ఊపిరితిత్తులు అరిగిపోకూడదు.

ఇక మన చేతిలో ఉన్నవి. మడ్‌ఫ్లాప్, మ్యాట్, ఫుట్‌రెస్ట్ రబ్బరు లాంటివి ఢిల్లీ మాలే కొనుక్కోండి, నష్టమేం లేదు. బ్రేకు, స్టీరింగు, టైరు, పెట్రోలు పైపు దగ్గర మాత్రం పెట్టె కావాలని అడగండి. పెట్టె మీద పేరూ చిరునామా ఉండాలి. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. కొత్తదని అమ్మే టైరుకు అక్కడ ఐదేళ్ల కిందటి వారం కనిపిస్తే పక్కన పెట్టేయండి. బిల్లు అడగండి. బిల్లు ఇస్తే పన్ను కలుస్తుందంటారు, కలవనివ్వండి. ఏదైనా తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

చివరిగా పాత బళ్లున్నవాళ్లకు వెంటనే పనికొచ్చే విషయం. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025కి దేశమంతా వచ్చేసింది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్లలో పైపులు, సీళ్లు దానికి తగినవే వేశారు. అంతకు ముందువాటిలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు ముందే మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. అలా మార్చేటప్పుడు మీటర్ల లెక్కన కోసి అమ్మే, ఏ ముద్రా లేని నల్ల పైపు వేయించారో, పాతదే నయమనిపిస్తుంది. సరైన ఇంధన పైపు మీద పొడవునా ప్రమాణం పేరు అచ్చు వేసి ఉంటుంది, ఎస్‌ఏఈ జే30 లాంటిది. తెల్లారి బండి నిలిపిన చోట పెట్రోలు వాసన వస్తున్నా, పైపు చివర క్లిప్పు దగ్గర సన్నని పగుళ్లు కనిపిస్తున్నా వాయిదా వేయకండి. కొత్త పైపుకు పాత క్లిప్పులు బిగించనివ్వకండి, వాటి పట్టు ఎప్పుడో సడలిపోయి ఉంటుంది. తీసిన పాత పైపును మెకానిక్ చెత్తలో పారేసేలోపే అడిగి తీసుకుని, బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. లోపలి పొర పొలుసులు పొలుసులుగా లేచి ఉంటే, ఊడిన పొలుసులు ఈసరికే ఫిల్టర్ దాకా చేరి ఉంటాయి. ఫిల్టర్ కూడా ఆ రోజే మార్పించుకోండి.